షియర్ వాల్ మేకుల లెక్క: ఒక్కో మేకు బలం కూడితే ఒక అంకె, టేబుల్ చూస్తే ఇంకో అంకె. ఏది నమ్మాలి?

మారతహళ్లి_స్ట్రక్చర్స్ (బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా ఆఫీసు బెంగళూరులో, పని అమెరికా ఇళ్లది. ఇప్పుడు చేతిలో ఉన్నది వాషింగ్టన్ రాష్ట్రంలో రెండంతస్తుల చెక్క ఫ్రేమ్ ఇల్లు. అందులో ఒక షియర్ వాల్ (గాలి, భూకంపాల అడ్డబలాన్ని ఆపే గోడ) దగ్గర లెక్క తేలట్లేదు.

గోడ ఎత్తు 8 అడుగులు, పొడవు 4 అడుగులు. స్టడ్లు (గోడలోని నిలువు చెక్కలు) డగ్లస్ ఫర్, స్పెసిఫిక్ గ్రావిటీ 0.50. ఒక వైపు మాత్రమే 15/32 అంగుళాల ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో నొక్కిన పలక) షీటు. 8డి కామన్ మేకులు: వ్యాసం 0.131, పొడవు 2½ అంగుళాలు. షీటు అంచుల్లో 6 అంగుళాలకొకటి, మధ్య స్టడ్ల మీద 12 అంగుళాలకొకటి. గోడ మీదకొచ్చే అడ్డబలం అలవబుల్ స్ట్రెస్ (పని భారం) స్థాయిలో గాలికి 1,350 పౌండ్లు, భూకంపానికి 940. అంటే అడుగుకు 337, 235.

అమెరికా చెక్క డిజైన్ కోడ్ ఎన్‌డీఎస్ యీల్డ్ సమీకరణాలతో (మేకు, చెక్క ఏ తీరున లొంగుతాయో చూసేవి) ఒక మేకుకు 74 పౌండ్లు వచ్చింది. గాలి, భూకంపాల లోడ్ డ్యూరేషన్ గుణకం (భారం కొద్దిసేపే ఉంటుందని ఇచ్చే పెంపు) 1.6 వేస్తే 119. అడుగుకు రెండు మేకులు కాబట్టి అడుగుకు 237 పౌండ్లు. భూకంపానికి అంచు మీద గట్టెక్కుతుంది, గాలికి చాలదు. గాలి, భూకంపాల డిజైన్‌కు ఉన్న అమెరికా ప్రమాణం ఎస్‌డీపీడబ్ల్యూఎస్ టేబుల్ ప్రకారం ఇదే గోడకు భూకంపానికి 260, గాలికి 365. మేకు అదే, షీటు అదే. రెండు దారుల్లో ఏది సరైనది? టేబుల్ విలువ మీద కూడా 1.6 వేయాలా?

ఇంకో విషయం. సైటులో కాంట్రాక్టర్ గన్ మేకులు, 0.113 వ్యాసం, 2⅜ పొడవు వాడతానని అడిగాడు. "అవీ 8డీయే కదా" అంటున్నాడు.

---

రిమ్‌బోర్డ్

1.6 ప్రశ్నకు ముందు జవాబు: టేబుల్ విలువ మీద 1.6 వేయకూడదు. ఆ టేబుళ్లు గాలి, భూకంపాల కోసమే కట్టినవి, తక్కువ కాలం భారమనే లెక్క వాటిలో ముందే కలిసి ఉంది. మళ్లీ 1.6 వేస్తే గోడ కాగితం మీద 60 శాతం ఎక్కువ బలంగా కనిపిస్తుంది. రివ్యూలో పట్టుబడే తప్పుల్లో ఇది తరచూ ఉంటుంది.

ఇక మీ 74 పౌండ్లు. అది సరైనదే. మోడ్‌ల (జాయింటు విఫలమయ్యే తీరుల) వారీగా వేసి చూద్దాం, ఏది ఎందుకు గవర్న్ చేస్తుందో (అన్నిట్లో తక్కువ అంకె ఇచ్చి బలాన్ని నిర్ణయిస్తుందో) తెలిస్తే మిగతా ప్రశ్నలు వాటంతటవే విడిపోతాయి.

ఓఎస్‌బీకి, డగ్లస్ ఫర్‌కు బేరింగ్ బలం (మేకు నొక్కుడుకు నలగకుండా ఆగే బలం) రెండింటికీ 4,650 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). సూత్రం 16,600 × స్పెసిఫిక్ గ్రావిటీకి 1.84 ఘాతం, వచ్చినదాన్ని దగ్గరి 50కి సర్దుతారు. 0.131 మేకు వంగుడు బలం 1,00,000 పీఎస్ఐ. 0.17 అంగుళం వరకు వ్యాసం ఉన్న మేకులకు తగ్గింపు భాజకం 2.2. షీటు మందం 0.469, స్టడ్‌లోకి దిగిన పొడవు 2.5 − 0.469 = 2.03 అంగుళాలు, అంటే వ్యాసానికి 15 రెట్లు పైనే. 10 రెట్లు దాటింది కనుక మొనకు కోత అక్కర్లేదు.

షీటు మొత్తం నలిగిపోవడం: 130 పౌండ్లు.
స్టడ్ మొత్తం నలగడం: 562.
మేకు వంగకుండా రెండింట్లో ఒరిగిపోవడం: 189.
షీటు వైపు వంగి, స్టడ్ నలగడం: 196.
స్టడ్ లోపల ఒకచోట వంగి, షీటు నలగడం: 74.
రెండు చోట్లా వంగడం: 97.

గవర్న్ చేసేది ఐదోది. మేకు స్టడ్‌లో ముఖానికి కొంచెం లోపల మడత పడుతుంది, షీటు రంధ్రం కోలగా సాగుతుంది. నిజమైన గోడల్లోనూ కనిపించేది ఇదే. కాబట్టి ఇక్కడ ప్రధానమైనవి మేకు వ్యాసం, షీటు మందం, షీటు సాంద్రత. మేకును ఇంకో అంగుళం పొడవు చేసినా ఈ 74 కదలదు.

ఇప్పుడు టేబుల్. ఎన్‌డీఎస్‌లో డయాఫ్రం (అడ్డబలాన్ని గోడలకు చేర్చే నేల, కప్పు పలకలు) పనిలో వాడే మేకులకు 1.1 గుణకం ఉంది. మీ షియర్ వాల్‌కు దాన్ని వేసుకోమని చెప్పట్లేదు. టేబుల్ అంకె ఎక్కడ కూర్చుందో చూడటానికి మాత్రం వేసి చూడండి: 74.1 × 1.6 × 1.1 × 2 = 261. టేబుల్ భూకంపం విలువ 260. మీ 237కీ 260కీ మధ్య తేడా ఆ పది శాతమే.

గాలికి 365 ఎలా వచ్చిందంటే 260 × 1.4. ఎస్‌డీపీడబ్ల్యూఎస్ 2015లో భూకంపానికి నామినల్ (భాజకం వేయకముందు విలువ) 520, గాలికి 730 అని రెండు వరుసలు, రెండింటినీ 2తో భాగించాలి. 2021లో నామినల్ ఒక్కటే, 730. గాలికి 2.0తో, భూకంపానికి 2.8తో భాగించాలి. ఎడిషన్ ఏదైనా ఫలితం 365, 260. రెండు ఎడిషన్లు కలిపేసి 520ని 2.8తో భాగిస్తే 186 వస్తుంది, అనవసరంగా మేకులు దండగ. 2021 అంకెను పట్టుకుని భూకంపానికీ 2తోనే భాగిస్తే అది ప్రమాదం.

అసలు గమనించాల్సింది మేకులు దగ్గర చేసినప్పుడు. అదే 261 పద్ధతిని మిగతా స్పేసింగులకు లాగండి. 4 అంగుళాలకు 391 వస్తుంది, టేబుల్ 380. 3 అంగుళాలకు 522, టేబుల్ 490. 2 అంగుళాలకు 782, టేబుల్ 640. దగ్గరయ్యే కొద్దీ ఒక్కో మేకు లెక్క టేబుల్ కన్నా పైకి పోతోంది, 2 అంగుళాల దగ్గర టేబుల్ విలువ మన లెక్కలో 82 శాతమే. సమీకరణానికి ఒక మేకు, దాని చుట్టూ చెక్క మాత్రమే తెలుసు. పక్క మేకుతో కలిసి స్టడ్‌ను చీల్చే సంగతి దానికి తెలియదు.

అందుకని షీటు అంచు మేకులకు టేబులే వాడండి, ఒక్కో మేకు లెక్కను సరిచూపుకు ఉంచండి. మీ గోడకు గాలికి 365, కావలసింది 337; భూకంపానికి 260, కావలసింది 235. రెండూ సరిపోతాయి. ఎత్తు పొడవుల నిష్పత్తి సరిగ్గా 2 కనుక సన్నగోడ తగ్గింపు కూడా లేదు. ఆర్కిటెక్ట్ ఆ గోడను మూడున్నర అడుగులకు కుదిస్తే మాత్రం ఆ తగ్గింపు తగులుతుంది, మొత్తం మళ్లీ చూడాలి.

---

పలక_మేకు

గన్ మేకు సంగతి నేను చెప్తాను. డ్రాయింగుల్లో "8డి" అని మాత్రమే రాసి వదిలేయడం వల్ల వచ్చే తంటా ఇది. 8డి అన్నది పొడవు సంప్రదాయం, వ్యాసం అందులో లేదు. 8డి కామన్ 0.131 అయితే, 8డి బాక్స్, 8డి కూలర్ 0.113. గన్ పెట్టె మీద 8డి అని ఉన్నా లోపల ఏదైనా ఉండొచ్చు.

పై సమీకరణంలో 0.113 వేయండి. ఐదో మోడ్ 58 పౌండ్లకు పడుతుంది. 74తో పోలిస్తే 78 శాతం. మీ గోడకు ఆ నిష్పత్తి వేస్తే గాలికి 365 × 0.78 = 285, కావలసింది 337. భూకంపానికి 203, కావలసింది 235. రెండింట్లోనూ తప్పింది. కాబట్టి "అవీ 8డీయే" అన్న మాటకు ఒప్పుకోకండి.

దారులు రెండు. మొదటిది 0.131 × 2½ గన్ మేకులే తెప్పించమనడం, అవి అక్కడ మామూలుగా దొరుకుతాయి. రెండోది 0.113తోనే అంచు స్పేసింగ్ 4 అంగుళాలు చేయడం: 532 × 0.78 = 415 గాలికి, 380 × 0.78 = 296 భూకంపానికి. రెండూ సరిపోతాయి. కానీ ఈ నిష్పత్తి పద్ధతిని ప్లాన్ చెకర్ (డ్రాయింగులు తనిఖీ చేసే అధికారి) ఒప్పుకోవాలి. గన్ మేకుల కోసం ఈఎస్‌ఆర్-1539 అనే మదింపు రిపోర్టులో వ్యాసాల వారీగా షియర్ వాల్ విలువలున్నాయి, దాన్ని చూపిస్తే వాదన తగ్గుతుంది. నా ఓటు మొదటి దారికే. డ్రాయింగులో "0.131 × 2½, పూర్తి గుండ్రని తల" అని అంకెలతో రాయండి, 8డి అన్న మాటే తీసేయండి. తల కోసిన మేకులు షియర్ వాల్‌కు వద్దు.

గన్‌తో వచ్చే రెండో చిక్కు, మేకు తల షీటు ముఖాన్ని చీల్చుకుని లోపలికి పోవడం. 1/8 అంగుళం లోపలికి పోయిందనుకుని షీటు మందం 0.344గా లెక్క వేస్తే 70 పౌండ్లు వస్తుంది, ఆరు శాతమే తగ్గినట్టు. ఆ అంకెను చూసి ఊరడిల్లకండి. సమీకరణం మేకు కాండాన్ని చూస్తుంది, తలను చూడదు. భూకంపంలో గోడ అటూ ఇటూ ఊగేటప్పుడు సన్నబడ్డ షీటులోంచి తల దూరి బయటికి వచ్చేస్తుంది, షీటు స్టడ్ మీదే వదులుగా మిగిలిపోతుంది.

అమెరికా చెక్క పలకల తయారీదారుల సంఘం ఏపీఏ సూచన: షీటు చుట్టూ ఉన్న మేకుల్లో 20 శాతం లోపు, 1/8 అంగుళానికి మించకుండా దిగితే పట్టించుకోనక్కర్లేదు. అంతకు మించితే అలా దిగిన ప్రతి రెండు మేకులకు ఒకటి అదనంగా కొట్టాలి. అదనపు మేకుల వల్ల స్టడ్ చీలకుండా చూసుకోవాలి. కంప్రెసర్ ప్రెషర్ తగ్గించి, చివరి రెండు మిల్లీమీటర్లు సుత్తితో కొట్టించడం మేలు. ఒక గోడకు ప్రెషర్ సరిచేసి వదిలేస్తే చాలదు. ఒకే కంప్రెసర్ మీద నాలుగు గన్‌లుంటే ఒక్కో క్షణం ఒక్కోలా దిగుతాయి.

---

మారతహళ్లి_స్ట్రక్చర్స్ (బెంగళూరు)

ఇద్దరికీ ధన్యవాదాలు. 0.131 మేకే రాయిస్తాను. ఇంకో రెండు సందేహాలు. కాంట్రాక్టర్ స్టడ్లను డగ్లస్ ఫర్ బదులు ఎస్‌పీఎఫ్ (స్ప్రూస్-పైన్-ఫర్) చెక్కకు మారిస్తే ఎంత తగ్గించాలి? షీటు అంచు మేకులు తేలిపోయాయి కనుక గోడ అయిపోయినట్టేనా, హోల్డ్‌డౌన్ (గోడ చివర పైకి లేవకుండా పట్టే ఇనుప బిగింపు) తప్ప?

---

రిమ్‌బోర్డ్

ఎస్‌పీఎఫ్ స్పెసిఫిక్ గ్రావిటీ 0.42. టేబుల్ సవరణ 1 − (0.50 − 0.42) = 0.92. సమీకరణంలో స్టడ్ బేరింగ్ బలం 3,350 వేసి చూస్తే 69 పౌండ్లు, అంటే 0.93. రెండూ కలిశాయి. అలా మారిస్తే మీ గోడకు గాలికి 336, కావలసింది 337. భూకంపానికి 239, కావలసింది 235. గాలికి ఒక వెంట్రుక వాసి చాలదు, అంచు స్పేసింగ్ 4 చేసేయండి. స్పెసిఫిక్ గ్రావిటీ 0.50 దాటితే ఈ సవరణను పెంచుకునే వీల్లేదు, 1 దగ్గరే ఆగాలి.

గోడ అయిపోయినట్టేనా అంటే, కాదు. అసలు పని ఇక్కడి నుంచే. షీటు పట్టుకున్న బలం బాటమ్ ప్లేటులోకి (గోడ అడుగున పడుకోబెట్టిన చెక్క) వెళ్లాలి, ప్లేటు నుంచి కింద రిమ్ జోయిస్టులోకి (నేల అంచున నిలబెట్టిన చెక్క), అక్కడి నుంచి కింది గోడ పై ప్లేటులోకి. ఈ జాయింట్లకు షియర్ వాల్ టేబుల్ ఉండదు, ఒక్కో మేకు లెక్కే గతి. ఇక్కడ 1.6 వేయాల్సిందే.

పై అంతస్తు గోడ ప్లేటును తీసుకోండి. ప్లేటు మందం 1½, దాని కింద 23/32 ఫ్లోర్ షీటు, దాని కింద రిమ్. 16డి కామన్, 0.162 వ్యాసం, 3½ పొడవు. టేబుల్ విలువ 141 పౌండ్లు. కానీ రిమ్‌లోకి దిగేది 3.5 − 1.5 − 0.72 = 1.28 అంగుళాలే. వ్యాసానికి 10 రెట్లంటే 1.62, అది లేదు. 6 రెట్లు, 0.97, దాటింది కాబట్టి లెక్కలోకి వస్తుంది, నిష్పత్తిలో తగ్గించుకుని: 141 × 1.28 ÷ 1.62 = 111. దానిమీద 1.6 వేస్తే 178 పౌండ్లు. అడుగుకు 337కు 6.3 అంగుళాలకొకటి, అంటే 6 అంగుళాల స్పేసింగ్. "16డి, 16 అంగుళాలకొకటి" అన్న మామూలు నోటు ఈ గోడకు సగం బలం కూడా ఇవ్వదు.

అదే ప్లేటుకు గన్‌తో 0.131 × 3 మేకులు కొట్టారనుకోండి. దిగేది 0.78 అంగుళం, 6 రెట్లంటే 0.786. కనీస దిగుడే లేదు, ఆ మేకులు రిమ్‌కు లెక్కలో సున్నా. 3¼ పొడవైతే 1.03 దిగుతుంది, అప్పుడు లెక్క మొదలవుతుంది. షీటు దగ్గర మేకు పొడవు పెంచినా ఏమీ రాదన్నాను, ఇక్కడ పొడవే ప్రాణం. ఒకే ఇంట్లో రెండు జాయింట్లు, రెండు వేర్వేరు జబ్బులు.

హోల్డ్‌డౌన్‌కు చాలామంది 1,350 × 8 ÷ 4 = 2,700 పౌండ్లు అని వేస్తారు. గోడ పూర్తి పొడవును లివరుగా తీసుకోకండి. ఒక చివర నొక్కుడు పోస్టు మధ్యలో, రెండో చివర లాగుడు ఆంకర్ రాడ్ దగ్గర. జంట స్టడ్ పోస్టు, దాని లోపలి ముఖానికి హోల్డ్‌డౌన్ పెడితే లివర్ 42 అంగుళాల దగ్గర తేలుతుంది. 10,800 ÷ 3.5 = 3,086. పద్నాలుగు శాతం ఎక్కువ. డెడ్ లోడ్ సాయం తీసుకుంటే గాలికి 0.6 వంతే.

తర్వాతది డ్రాయింగుల్లో దాదాపు ఎప్పుడూ కనిపించని వివరం. జంట స్టడ్ పోస్టులో షీటు అంచు మేకులు బయటి స్టడ్‌లోకి, హోల్డ్‌డౌన్ స్క్రూలు లోపలి స్టడ్‌లోకి వెళ్తే, ఆ 3,086 పౌండ్లు ఒక స్టడ్ నుంచి రెండో స్టడ్‌కు దాటేది వాటిని కలిపి కొట్టిన మేకుల మీదుగానే. 10డి కామన్, 0.148 × 3: విలువ 118, 1.6 వేస్తే 189. 3,086 ÷ 189 = 16.3, అంటే 17 మేకులు. రెండు వరుసల్లో జిగ్‌జాగ్‌గా, ఒక్కో వరుసలో సుమారు 11 అంగుళాలకొకటి. సైటులో మామూలుగా కొట్టేది నాలుగో ఐదో. ఇదంతా వద్దనుకుంటే 4×4 పోస్టు ఒకటే ముక్కగా పెట్టండి, లేదా హోల్డ్‌డౌన్ ఏ స్టడ్‌కు పట్టిందో షీటు అంచు మేకులు దానిలోకే కొట్టించండి.

గోడ పై నుంచి వచ్చే చోట, అంటే డయాఫ్రం నుంచి గోడలోకి దిగేచోట, టో-నెయిల్ (వాలుగా కొట్టే మేకు) రాస్తుంటే 0.83 గుణకం మరచిపోవద్దు. భూకంప ప్రమాదం ఎక్కువైన డిజైన్ కేటగిరీలు డి, ఇ, ఎఫ్‌లలో టో-నెయిళ్లతో అడుగుకు 150 పౌండ్లకు మించి దాటించకూడదు. వాషింగ్టన్ పశ్చిమ భాగంలో ఇళ్లు ఎక్కువగా డి కేటగిరీలోనే పడతాయి. మీ 235కు టో-నెయిల్ దారి మూసుకుపోయినట్టే, ఫ్రేమింగ్ క్లిప్పులు వాడండి.

---

పలక_మేకు

రిమ్‌బోర్డ్ గారి మాటకు ఒక చేర్పు. కింది అంతస్తులో లోడ్ పెరిగి 3 లేదా 2 అంగుళాల స్పేసింగ్ వస్తే రెండు షీట్లు కలిసే స్టడ్ దగ్గర చూడండి. స్టడ్ ముఖం 1½ అంగుళం, ఒక్కో షీటుకు ముప్పావు. షీట్ల మధ్య 1/8 సందు వదలాలి, తేమకు అవి ఉబ్బుతాయి. షీటు అంచు నుంచి మేకుకు కనీసం 3/8. ఇవన్నీ పోగా స్టడ్ అంచుకు మిగిలేది 5/16 అంగుళం, మేకు వ్యాసానికి రెండున్నర రెట్లు కూడా లేదు. 2 అంగుళాలకొకటి కొడితే స్టడ్ పొడవునా చీలుతుంది. అందుకే 2 అంగుళాల స్పేసింగుకు అక్కడ 3 అంగుళాల నామినల్ స్టడ్ తప్పనిసరి, మేకులు జిగ్‌జాగ్‌గా కొట్టాలి. కేటగిరీ డి నుంచి పైకి నామినల్ షియర్ (2015 ఎడిషన్ భూకంపం అంకెల్లో) అడుగుకు 700 దాటినా అదే నియమం. 10డి మేకును 3 అంగుళాల స్పేసింగ్‌తో, 1½ అంగుళం పైన దించి వాడినా అంతే.

పునాది ప్లేటు దగ్గర ఆంకర్ బోల్టులకు 3 × 3 × 0.229 అంగుళాల పలక వాషరు, దాని అంచు షీటు వైపు ప్లేటు అంచుకు అర అంగుళంలో ఉండాలి. షీటు ప్లేటును ఒక అంచున పైకి లాగుతుంది, బోల్టు మధ్యలో ఉంటుంది. చిన్న గుండ్రని వాషరైతే ప్లేటు బోల్టుల వరుస వెంబడి నిలువునా చీలిపోతుంది, మేకులన్నీ బాగున్నా.

---

వేలచ్చేరి_వుడ్ (చెన్నై)

ఈ చర్చ చూసి అడుగుతున్నాను. చెన్నైలో సముద్రతీరపు ఈసీఆర్ రోడ్డు వైపు ఒక అంతస్తు చెక్క కాటేజీ. దిగుమతి పైన్ స్టడ్లు 38 × 89, ఒక వైపు 12 మి.మీ. ప్లైవుడ్ 8 × 4 షీట్లు నిలువుగా. హార్డ్‌వేర్ షాపులో దొరికే వైర్ మేకులు. ఈ అమెరికా టేబుల్ విలువలను కిలోన్యూటన్లలోకి మార్చి వాడొచ్చా? భారత ప్రమాణం ఐఎస్ 2366లో మేకులకు విలువలున్నాయి కదా, వాటికి 1.6 వేస్తే సరిపోతుందా?

---

సాల్‌చెక్క

రెండూ వద్దండి.

అమెరికా టేబుల్ విలువ ఆ గ్రేడు షీటు, ఆ మేకు, ఆ చెక్క కలిపి పరీక్షించినది. మన ప్లైవుడ్‌కు, మన మేకుకు ఆ ముద్ర లేదు. ఐఎస్ 2366, నేషనల్ బిల్డింగ్ కోడ్ 6వ భాగంలోని మేకు విలువలు చెక్కకు చెక్క జాయింట్లవి, అవీ డబుల్ షియర్‌కు (మేకు మీద రెండు తలాల్లో కోత పడే జాయింటుకు) ఇచ్చినవి. మీ గోడలో మేకుకు ఒకే షియర్ తలం, పైగా పక్క పలక సన్నటి ప్లైవుడ్. ఆ టేబుల్ ఇక్కడికి అతకదు.

1.6 గురించి: మన కోడ్‌లో గాలి, భూకంపాలకు గుణకం 1.33. అమెరికా కోడ్‌లో 1.0 పదేళ్ల భారానికి, శాశ్వత భారానికి 0.9. మన 1.0 నిరంతర భారానికి. మూలాలే వేరు కాబట్టి ఒక దేశం మూలవిలువ మీద ఇంకో దేశం గుణకం పెట్టకూడదు.

గాలి సంగతి ముందు చూసుకోండి. ఐఎస్ 875 మూడో భాగం 2015లో చెన్నైకి మూల వేగం సెకనుకు 50 మీటర్లు, బెంగళూరుకు 33. వేగం వర్గంతో ఒత్తిడి పెరుగుతుంది: 0.6 × 50² = 1,500 న్యూటన్లు చదరపు మీటరుకు, బెంగళూరులో 653. మిగతా గుణకాలు వేయకముందే 2.3 రెట్లు. ఐఎస్ 1893:2016లో చెన్నై మూడో జోన్, అయినా ఇంత తేలికైన కాటేజీకి గాలే గవర్న్ చేస్తుంది. బెంగళూరు కాటేజీ డ్రాయింగ్ తెచ్చి ఈసీఆర్ మీద కట్టకండి.

మన సామానుతో లెక్కకు యూరప్ చెక్క డిజైన్ కోడ్ యూరోకోడ్ 5 సూత్రాలు తేలిక, ఎందుకంటే అందులో సాంద్రత వేస్తే చాలు, చెట్టు పేరు అక్కర్లేదు. ఉదాహరణకు 3.25 మి.మీ. మేకు, 63 మి.మీ. పొడవు, ప్లైవుడ్ సాంద్రత 600, పైన్ 380 కిలోలు ఘనమీటరుకు, మేకు తీగ తన్యబలం 600. మీ ముక్కలు కోసి, తూచి, సగటు కాకుండా కింది వైపు విలువ వేసుకోండి.

ప్లైవుడ్ బేరింగ్: 0.11 × 600 × 3.25 కి −0.3 ఘాతం = 46 న్యూటన్లు చదరపు మి.మీ.కి.
పైన్: 0.082 × 380 × అదే ఘాతం = 22.
మేకు వంగుడు మొమెంట్: 0.3 × 600 × 3.25 కి 2.6 ఘాతం = 3,856 న్యూటన్ మి.మీ.

మోడ్‌లు వేస్తే ఇక్కడా గవర్న్ చేసేది పైన చెప్పినదే, స్టడ్‌లో ఒక మడత, ప్లైవుడ్ నలుగుడు: 781 న్యూటన్లు. రోప్ ఎఫెక్ట్ (మేకు ఊడిరాకుండా లాగి పట్టడం వల్ల వచ్చే అదనపు బలం) కలపలేదు, నున్నటి మేకుకు దాన్ని నమ్ముకోకపోవడమే మంచిది. స్వల్పకాల భారం గుణకం 0.9, పాక్షిక భాజకం 1.3: 541 న్యూటన్లు. గోడ షీటు అంచు మేకులకు కోడ్ 1.2 ఇస్తుంది: 649. 150 మి.మీ. స్పేసింగుకు మీటరుకు 4.3 కిలోన్యూటన్లు. షీటు వెడల్పు 1.22 మీటర్లు, ఎత్తు 2.44లో సగం, కాబట్టి వెడల్పు తగ్గింపు లేదు. ఎత్తులో సగం కన్నా సన్నటి ముక్కలకు నిష్పత్తిలో తగ్గించాలి, పావు కన్నా సన్నవాటిని లెక్కలోంచి తీసేయాలి. ఈ 4.3ను ఫ్యాక్టర్ చేసిన (భద్రతా గుణకంతో పెంచిన) గాలి భారంతో పోల్చండి, పని భారంతో కాదు. రిమ్‌బోర్డ్ గారి 260, 365 పని భారం స్థాయివి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడొద్దు.

ప్లైవుడ్ విషయంలో రాజీ పడకండి. ఐఎస్ 10701 స్ట్రక్చరల్ ప్లైవుడ్ అడగండి. ఫర్నిచర్‌కు వాడే ఎంఆర్ గ్రేడ్ తేమకు పొరలు విడిపోతుంది, సముద్రపు గాలిలో మరీ త్వరగా. ఐఎస్ 710 మెరైన్ జిగురు తట్టుకుంటుంది, అయినా సాంద్రత తూచుకోవాల్సిందే. మేకులు హాట్ డిప్ గాల్వనైజ్డ్. స్టడ్లు రాగి లవణాలతో ట్రీట్ చేసినవైతే అది తప్పనిసరి, లేదంటే స్టెయిన్‌లెస్.

---

వేలచ్చేరి_వుడ్ (చెన్నై)

చాలా స్పష్టంగా ఉంది. షాపులో మేకులు అంగుళాలు, గేజ్ లెక్కన ఇస్తారు. ఏ గేజ్ అడగాలి? తన్యబలం 600 ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

---

సాల్‌చెక్క

ఇక్కడ గేజ్ అంటే ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ తీగ గేజ్). 10 గేజ్ 3.25 మి.మీ., అంటే 0.128 అంగుళం, 8డి కామన్‌కు దగ్గర. 8 గేజ్ 4.06 మి.మీ., 16డి కామన్‌కు దగ్గర. 11 గేజ్ 2.95కు పడిపోతుంది, 0.113 గన్ మేకు వైపు. అమెరికా స్టీల్ వైర్ గేజ్ వేరు, అక్కడ 10 అంటే 0.135, కాబట్టి గేజ్ అంకెను డ్రాయింగులో రాయకుండా మిల్లీమీటర్లు రాయండి. పెట్టె మీద అచ్చును నమ్మకుండా వెర్నియర్‌తో కాండం మధ్యలో కొలవండి. గాల్వనైజ్ చేసిన మేకుకు పూత మందాన్ని వ్యాసంలో కలుపుకోకూడదు.

బలానికి అదే బ్యాచ్ మేకులను ల్యాబుకు పంపి వంగుడు పరీక్ష చేయించండి. అమెరికా పరీక్షా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్1575 పద్ధతి మేకు వంగుడు బలానికే ఉంది. కనీసం పది మేకులు పంపండి. ఆ పరీక్ష ఇచ్చేది వంగుడు మొమెంట్, మెత్తటి తీగతో చేసినవి పై 3,856 కన్నా కింద తేలొచ్చు, అప్పుడు లెక్కలో దాని బదులు పరీక్షలో వచ్చిన అంకె వేసుకుంటే సరి. పది మేకుల వ్యాసాల్లోనే పెద్ద తేడాలుంటే ఆ బస్తా వద్దు.

కాటేజీ గోడలు చాలా ఉంటే ఇంకో మెట్టు: అదే ప్లైవుడ్, అదే పైన్, అదే మేకుతో చిన్న జాయింట్లు చేసి ఏఎస్‌టీఎం డీ1761 ప్రకారం అడ్డంగా లాగించండి. బలంతో పాటు జారుడు ఎంతో తెలుస్తుంది. గోడ ఒరుగుడులో ఎక్కువ భాగం ఆ జారుడు, హోల్డ్‌డౌన్ సాగుడే. 2.44 మీటర్ల ఎత్తు, 1.22 పొడవు గోడకు హోల్డ్‌డౌన్ దగ్గర 3 మి.మీ. లేస్తే పైన 6 మి.మీ. కదులుతుంది, మేకులు ఎంత గట్టివైనా. స్టడ్లు పచ్చిగా వస్తే కొట్టాక ఎండి కుంచించుకుపోతాయి, హోల్డ్‌డౌన్ నట్లు వదులవుతాయి. లోపలి పలకలు మూసేముందు వాటిని మళ్లీ బిగించమని డ్రాయింగులో నోటు పెట్టండి. మేకులు కొట్టే కార్పెంటర్‌కు స్పేసింగ్ కొలకర్ర ఒకటి ఇచ్చి, అంచుకు 150, మధ్యకు 300 అని గుర్తులు పెట్టించండి. షీటు మూసేశాక మేకు స్టడ్‌ను తప్పిందో తగిలిందో బయటి నుంచి తెలియదు, కాబట్టి రెండో వైపు తెరిచి ఉండగానే వెనక నుంచి చూసి, తప్పిన మొనలు కనిపించిన ప్రతిచోటా పక్కన ఇంకొకటి కొట్టించండి.